చెమ్మ వేరు, నీళ్లు వేరు

నేను కాపురానికి వచ్చింది 1973 వేసవిలో. పుట్టిల్లు కొల్లిపర పక్కన, కృష్ణ కరకట్టకు దగ్గర. కాలవ నీళ్లు, అరటి తోటలు, తమలపాకు తోటలు, పసుపు చేలు. అత్తిల్లు చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య, కనుచూపు మేర నల్లరేగడి. పత్తి, మిరప, పొగాకు. సారెతో పాటు మా అమ్మ తడి గోనెపట్టా కప్పిన బుట్ట ఒకటి బండిలో పెట్టించింది. అరిసెలనుకుని మా ఆడపడుచు పట్టా ఎత్తింది. చూస్తే మొలక కళ్లు విచ్చుతున్న పసుపు విత్తనం. "ఇదేందమ్మా, పసుపు పొడి పెడతారు, కొమ్ములు పెడతారు. మట్టి దుంపలు సారెలో పెడతారా ఎవరన్నా!" అని మా అత్తగారు బుగ్గన వేలేసుకున్నారు.

ఈ ఊరిదీ చిత్రమే. మా ఆయన పుట్టినప్పుడు గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా అన్నారు, తర్వాత ప్రకాశం అన్నారు, 2022 నుంచి బాపట్ల అంటున్నారు. ఊరు మాత్రం అంగుళం కదల్లేదు, మట్టీ మారలేదు. ఆ మట్టిలోనే యాభై రెండేళ్లుగా పసుపు పెంచుతున్నాను. పెరట్లో అయిదు సెంట్లు, ఒకసారి మాత్రం అర ఎకరం. దుగ్గిరాల వాళ్లు చదివితే నవ్వుతారు. నవ్వనీండి. కాలవ కింద పసుపు పండించే వాళ్లకు నా పాఠాలతో పనిలేదు. రేగడిలో, మిరప చేల నడుమ పెంచాలనుకునే వాళ్లకి చెబుతున్నాను.

1. చెమ్మ వేరు, నీళ్లు వేరు

పసుపు నీళ్లు తాగే మొక్క అని అందరూ అంటారు. ఆ మాట పట్టుకుని మొదటి ఏడు నేను చేసిన ఘనకార్యం, స్నానాల దొడ్డి నీళ్లు పోయే పల్లంలో చదునుగా పాతిపెట్టడం. జూన్ చివర పెడితే మూడు వారాలకు సూదుల్లా మొలకలొచ్చాయి. ఆగస్టుకి నడుమెత్తు. పెరట్లోకి వచ్చిన వాళ్లందరికీ మా అత్తగారే చూపించేవారు.

సెప్టెంబరులో నాలుగు రోజులు ముసురు పట్టింది. రేగడి సంగతి తెలిసిందేగా. ఎండితే కాలు దూరేంత బీటలు, తడిస్తే జిగురు. మీద నిలిచిన నీరు లోపలికీ దిగదు, పక్కకీ పోదు. వాన వెలిశాక చూద్దును గదా, ఆకుల అంచులు పాలిపోయి లోపలికి ఎండుకుంటూ వస్తున్నాయి. ఒక కాడ పట్టుకుని లాగాను. మామూలు మొక్క రెండు చేతులా గుంజినా రాదు. ఇది బురదలోంచి పుల్ల వచ్చినట్టు ఊడొచ్చింది. మొదలు మెత్తబడి నీరు కారుతోంది, మురుగు వాసన. దుంపని నొక్కితే బొటనవేలు దిగింది. దుంపకుళ్లు. పీథియం అనే బూజు చేసే పని అని తర్వాత తెలిసింది. దానికి నిలిచిన నీరే పాన్పు.

బుట్టెడు విత్తనంలో మిగిలినవి ఏడు మొక్కలు. అవి నేను పాతినవి కూడా కావు. బుట్ట దులిపినప్పుడు పేడదిబ్బ అంచున గట్టు మీద పడి వాటంతట అవే మొలిచినవి.

సంక్రాంతికి మా నాన్న వచ్చారు. పెరడంతా తిరిగి, ఆ గట్టు మట్టి పిడికెడు తీసి పిసికారు. ముద్దయింది, కానీ వేళ్ల సందున చుక్క నీరు రాలేదు. "ఇదమ్మా దానిక్కావాల్సింది. మన దగ్గర నీళ్లు పెడతాం, వెంటనే తీసేస్తాం. నువ్వు పెట్టే దారి చూసుకున్నావు గానీ పోయే దారి పెట్టలా" అన్నారు. ఆ పిడికిలి పరీక్ష ఇప్పటికీ చేస్తాను. 

అప్పటినుంచి జానెడు ఎత్తు మడులు, మూడడుగుల వెడల్పు, మడికీ మడికీ మధ్య మురుగు పోయే బోదె. రేగడి మట్టిలో సగానికి సగం చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు, కాస్త వాగు ఇసుక. రెండంగుళాల లోతున, మొక్కకీ మొక్కకీ జానెడు దూరం. పెట్టగానే పైన ఎండుగడ్డో, వేరుశనగ పొట్టో మందంగా కప్పాలి. గడ్డి కింద చెయ్యి పెడితే మే ఎండలో కడవ కింద ఇసుకలా చల్లగా ఉండాలి. ఇప్పుడు డ్రిప్పు పైపు ఉంది, రోజు మార్చి రోజు గంటసేపు వదులుతాం. కుళ్లు కనపడితే ఆ మొక్కని మట్టితో సహా తీసేసి, చుట్టుపక్కల లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడుపుతాను. అసలు రాకుండా ఉండాలంటే నాటే ముందే వేపపిండిలో ట్రైకోడెర్మా కలిపి మడిలో చల్లుకోవడం మేలు. మందు కన్నా బోదె నయం.

2. విత్తనమంతా ఒక్క చోట ఉంచొద్దు

పసుపుకి గింజ లేదు. పూస్తుంది, కాయదు. మన దగ్గర పండే పసుపు క్రోమోజోముల లెక్కలో మూడు వరసల మొక్కట, అందుకని గింజ కట్టలేదు. అంటే మా అమ్మ ఇచ్చిన దుంప, వాళ్ల అమ్మ ఇచ్చిన దుంప, ఇవాళ నా మడిలో ఉన్నది, అంతా ఒకే మొక్క. ముక్కలు చేసుకుంటూ వస్తున్నాం, అంతే. అందుకే అది పోతే పోయినట్టే.

తవ్వినప్పుడు బాగా ఊరిన, మచ్చలేని దుంపలు ఏరి, వేర్లు గిల్లి, చింతచెట్టు నీడన పోగేసి పసుపు ఆకులతోనే కప్పుతాను. మండ అంటే తల్లి దుంప, కొమ్ములంటే దాని పిల్లలు. రెండూ విత్తనానికి పనికొస్తాయి. మండ బలంగా మొలుస్తుంది, కొమ్ము తక్కువ బరువుతో ఎక్కువ జాగాకి వస్తుంది. ఎకరానికి 8 నుంచి 10 క్వింటాళ్ల విత్తనం పడుతుంది. కొత్తగా వేసేవాళ్లకి గుండె గుభేలుమనేది ఈ ఖర్చు దగ్గరే.

రకాల సంగతికొస్తే దుగ్గిరాల, టేకూరిపేట, మైదుకూరు రకాలు తొమ్మిది నెలలు భూమిలో ఉంటాయి. తక్కువ కాలపు రకాలు ఏడు నెలలకే వస్తాయి. బోరు నీళ్ల మీద బతికే మా బోటి వాళ్లకి ఆ రెండు నెలలు చాలా పెద్దవి. కోళికోడు సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ వాళ్ల ప్రగతి రకం 180 రోజుల్లో వస్తుందని మూడేళ్లుగా నాలుగు మడుల్లో అదీ పెడుతున్నాను. బాగుంది. కానీ అమ్మ బుట్టలోది మాత్రం తీసెయ్యను.

2009 అక్టోబరు మొదట్లో కృష్ణకు వరదొచ్చింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. కొల్లిపర, కొల్లూరు లంకల్లో పసుపు రోజుల తరబడి నీళ్లలో మునిగింది. మరుసటి ఏడు మే నెలలో మా అన్నయ్య వ్యాను వేసుకుని వచ్చాడు. వాకిట్లో నిలబడి, కాసేపు ఆ మాటా ఈ మాటా ఆడి, "చెల్లాయ్, విత్తనం ఏమన్నా ఉందా?" అన్నాడు. అమ్మ నాకిచ్చిన విత్తనమే వాళ్ల చేలోదీ, అక్కడ ఒక్క దుంప మిగల్లేదు. మూడు బస్తాలు ఎత్తించాను. మళ్లీ 2024 సెప్టెంబరు వరదకి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చినప్పుడు ఫోన్ నేనే చేశాను, "విత్తనం తీసి పెట్టనా?" అని.

3. మిరప పక్కన పెట్టొద్దు

ఇది మా ఆయనతో పోట్లాడి నేర్చుకున్నది. మిరప చేను పక్కన ఖాళీ ఉందని పసుపు పెట్టాను. అక్టోబరుకి పసుపు ఆకుల మీద కండె ఆకారంలో గోధుమరంగు మచ్చలు, నడుమ బూడిద రంగు, చుట్టూ పసుప్పచ్చ వలయం. తాటాకు తెగులు అంటారు మా వైపు. చూస్తుండగానే ఆకు మాడిపోయి ఎండు తాటాకులా వేలాడుతుంది. "నీ పసుపు వల్లే నా మిరపకి కాయకుళ్లు వచ్చింది" అని ఆయన, "మీ మిరప వల్లే" అని నేను. తర్వాత వ్యవసాయ శాఖ శిక్షణలో ఒకాయన చెప్పాడు, ఇద్దరం నిజమే చెప్పామని. పసుపాకు మీద మచ్చ పెట్టేదీ, మిరపపండు మీద నల్లటి వలయాల కుళ్లు తెచ్చేదీ కొల్లెటోట్రైకం అనే ఒకే బూజు. ఇద్దరికీ ఉమ్మడి చుట్టం. ఆ రాత్రి అన్నాల దగ్గర మాట లేదు గానీ నవ్వు మాత్రం వచ్చింది.

నీడ కావాలి పసుపుకి, అయితే పూర్తి నీడ పనికిరాదు. మా ఊరి మధ్యాహ్నపు ఎండకి ఆకు గొట్టంలా చుట్టుకుంటుంది. డెల్టాలో మొక్కజొన్నో ఆముదమో అంతర పంటగా వేస్తారు. నేను పడమటి వైపు మునగ, అవిశె పెట్టాను. పొద్దున ఎండ తగులుతుంది, రెండు దాటాక జల్లెడ నీడ పడుతుంది.

4. పూతని కోసెయ్యొద్దు

పూత వస్తే దుంప ఊరదని కోసేవాళ్లున్నారు. నేను కొయ్యను. దుంప బరువులో తేడా కనపడితే చెప్పండి.

చాలామంది పసుపు పువ్వు చూసే ఉండరు. వర్షాలు వెనకబట్టే రోజుల్లో, ఆకుల గుత్తి నడుమలోంచి అరచేతి పొడుగున కంకి లేస్తుంది. కింద లేతాకుపచ్చ దొన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు. పైకి పోయేకొద్దీ తెల్లబడి, కొసన గులాబీ చాయ. అందరూ ఆ దొన్నెల్నే పువ్వనుకుంటారు. అసలు పువ్వు వాటి లోపల దాక్కుంటుంది. పొద్దున్నే వంగి ఒక దొన్నె అంచు చూపుడు వేలితో వంచితే లేత పసుపు రంగు పువ్వు, చిన్నపిల్ల నాలుక కొసంత. ఒక్క రోజుకే వాడిపోతుంది. దొన్నెల్లో రాత్రి మంచు నిలిచి ఉంటుంది, అందులో నల్లచీమ ఒకటి ఎప్పుడూ తిరుగుతుంటుంది. దేనికోసమో నాకు తెలీదు.

కస్తూరి పసుపు అని ముఖానికి రాసుకునేది అమ్ముతారే, అది వేరే జాతి. దాని పూత కాడలోంచి రాదు, ఆకులకంటే ముందే మొదలు దగ్గర భూమిలోంచి పుట్టుకొస్తుంది. అది ఒంటికే, కూరకి పనికిరాదు.

5. వండటంలో తొందరా పనికిరాదు, బద్ధకమూ పనికిరాదు

జనవరి, ఫిబ్రవరిలో ఆకులు ఎండి నేలకి వాలతాయి. అప్పుడు నీళ్లు ఆపాలి. పదిహేను రోజులు ఆరనిచ్చి తవ్వాలి. ఆరనిస్తే మంచిదే గానీ మా రేగడి ఆరిందంటే గడ్డపారకీ లొంగదు. అందుకని ముందురోజు పల్చగా ఒక తడి ఇచ్చి తవ్విస్తాను.

తవ్విన రెండు మూడు రోజుల్లో వండాలి. పసుపు ఉడకపెట్టడాన్ని మా పుట్టింట వండటం అనే అంటారు. పెరట్లో రాళ్ల పొయ్యి, ఇనప కడాయి, కింద పత్తికట్టె. మండలు వేరే, కొమ్ములు వేరే వండాలి, లావుపాటివి ఉడికేసరికి సన్నవి చిదికిపోతాయి. దుంపలు మునిగేదాకా నీళ్లు, పైన పసుపు ఆకులు కప్పి గోనెపట్టా. ముప్పావు గంట దాటాక నురగ పొంగుతుంది, వాసన మారుతుంది. పచ్చి పసుపుకి మట్టి కలిసిన ఘాటు, వండిన పసుపుది తియ్యటి ఘాటు. ఆ మారే క్షణం ముక్కుకే తెలుస్తుంది, గడియారానికి తెలీదు. ఒక కొమ్ము తీసి చీపురుపుల్ల గుచ్చాలి. ఇటు నుంచి అటు సులువుగా దిగిందా, దించెయ్. ఇంకా ఉంచితే రంగు చచ్చిపోతుంది. ముందే దించితే ఎండాక విరిచినప్పుడు కొమ్ము లోపల తెల్లటి పిండి రింగు కనపడుతుంది, పురుగు కూడా త్వరగా పడుతుంది. సరిగా వండిన కొమ్ము టక్కున విరగాలి, లోపల అంతా ఒకటే నారింజ పసుపు, కొమ్ముతో కొమ్ము తడితే గలగలమనాలి.

ఇప్పుడు దుగ్గిరాల వైపు ఆవిరి బాయిలర్లు ట్రాక్టరు మీద చేలోకే వస్తున్నాయి. పని సులువు, ఉడుకు సమానం. నా అయిదు సెంట్లకి ఆ బాయిలరు రాదు గనక కడాయే.

ఆరబెట్టడం పది పదిహేను రోజులు. రెండు మూడంగుళాల మందంలో పరచాలి. సాయంత్రం కుప్ప చేసి మంచు పడకుండా కప్పాలి. మా ఊళ్లో ఆ నెలలో ఎవరి కళ్లం చూసినా మిరపకాయలే. ఎర్రటి కళ్లాల నడుమ మా మేడ మీద ఒక్కటే పచ్చటి చాప. పచ్చి దుంప అయిదు కిలోలు పెడితే కిలో ఎండు పసుపు దిగుతుంది. మిగతా నాలుగూ చెమ్మే.

6. మరపట్టించే వరస చూసుకోండి

కారం పట్టించిన మరలో పసుపు పట్టించొద్దు. చెప్పాల్సిన పని లేదనుకుంటారు. మా చిన్న కోడలు కొత్తగా వచ్చిన ఏడు, మార్చి నెల, మిల్లు దగ్గర ఊరంతా మిరపకాయల బస్తాలతో వరసలో ఉన్నారు. మా పసుపు డబ్బా వంతు రాగానే పోసేశారు. వారం తర్వాత పండక్కి పిల్ల ముఖానికి అదే పసుపు రాసుకుంది. కళ్లు, చెంపలు మండి బావి దగ్గరికి పరిగెత్తి అరగంట నీళ్లు కొట్టుకుంది. పప్పులో వేసినా కారం తెలుస్తూనే ఉంది. ఆ డబ్బా అంతా చివరికి పండుమిర్చి పచ్చట్లోకి సర్దేశాం. ఇప్పుడు పసుపు ఇంట్లోనే రోట్లో నలగ్గొట్టి మిక్సీ వేస్తాను.

పసుపు అసలు పని చూడాలంటే జాడీలో చూడాలి. చింతకాయ తొక్కు దంచేటప్పుడు ఉప్పుతో సమానంగా గౌరవం దానికి. లేత గింజ చింతకాయ, కల్లుప్పు, చారెడు పసుపు. మూడో రోజు తిరగదంచి ఈనెలు తీసి జాడీకెత్తితే ఏడాది నిలుస్తుంది. పచ్చి పసుపు కొమ్ము సన్నగా తరిగి నిమ్మరసంలో ఉప్పేసి నానేసి, అల్లం ముక్కలు కలిపితే పెరుగన్నంలోకి బాగుంటుంది. మా ఆయన దాన్ని "మందు" అనేవారు, అయినా రెండోసారి అడిగి వేయించుకునేవారు.

మందు సంగతొచ్చింది గనక ఒక మాట. మాత్రలుగా మింగే పసుపు సారాన్ని నేను పసుపుగా లెక్కపెట్టను. కూరలో చిటికెడుకీ, గోళీలో కూరిన కర్క్యుమిన్‌కీ చాలా దూరం. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లూ, లివరు జబ్బు ఉన్నవాళ్లూ డాక్టరుని అడక్కుండా ఆ గోళీల జోలికి పోవద్దు.

7. సున్నం అబద్ధం చెప్పదు, కానీ నిజమంతా చెప్పదు

పసుపులో తడి సున్నం కలిపితే ఎర్రబడుతుంది. పెళ్లికూతురి కాళ్లకి పెట్టే పారాణి అదే. బెణుకు మీద వేసే పట్టూ అదే. చీర మీద పడ్డ పసుపు మరక సబ్బు పెట్టగానే ఎర్రగా తిరిగేదీ అందుకే. ఉతికి ఎండలో వేస్తే పోతుంది, కంగారు పడక్కర్లేదు. పసుపులోని కర్క్యుమిన్‌కి క్షారం తగిలితే రంగు మారుతుంది. వెనకటికి ఇళ్లల్లో పసుపు, వెలిగారం, నిమ్మరసంతో కుంకుమ చేసుకున్నదీ పసుపు రంగు మారే గుణం మీదే.

సున్నం పెడితే ఎర్రబడిందంటే అందులో పసుపుందని తెలుస్తుంది. ఇంకేమీ కలపలేదని మాత్రం తెలీదు. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగు పూసిన కొమ్ములు పక్క దేశం బంగ్లాదేశ్‌లో పిల్లల ఒంట్లోకి సీసం ఎక్కిస్తున్నాయని 2019లో పరిశోధకులు బయటపెడితే, అక్కడి ప్రభుత్వం గట్టిగా పట్టుకుంది. మరీ నిగనిగలాడే కొమ్ము చూస్తే నాకు భయం. మట్టి చాయ ఉన్న కొమ్ము కొని ఇంట్లో కొట్టుకోండి.

పసుపు గుణాల మాటకొస్తే, గాయాలకి పసుపు వాడటం తమ కనిపెట్టుడేనని 1995లో అమెరికాలో కొందరు పేటెంటు కూడా తీసుకున్నారు. మన శాస్త్ర పరిశోధన మండలి సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి పోరాడితే 1997లో రద్దయింది. ఈ వార్త చదివి వినిపిస్తే, అప్పటికి మంచంలో ఉన్న మా అత్తగారు "వాళ్లకి దెబ్బలు ఇప్పుడిప్పుడే తగులుతున్నాయా?" అన్నారు.

8. ధర చూసి నాటొద్దు

2010లో క్వింటాలు 15 వేలు దాటింది. మా ఆయనకి ఆశ పుట్టింది. 2011 జూన్‌లో పత్తి తీసేసి అర ఎకరం పసుపు వేశాం. తవ్వి, వండి, ఆరబోసి, 2012 వేసవిలో లారీ ఎక్కించేసరికి ధర 4 వేల దరిదాపుల్లో ఉంది. చాలదన్నట్టు కొన్న వ్యాపారి కొమ్ములు విరిచి చూసి, చెమ్మ ఉందని బస్తాకింత తరుగు తీశాడు. పొలంలో దేనికోసం ఏడాదంతా కాపలా కాశానో, బస్తాలో దానికే డబ్బు కోశాడు.

2021లో నల్ల తామర పురుగు మిరప పూతని ఊడ్చేశాక, మా వీధి కుర్రాళ్లు పసుపు వేస్తామని నా దగ్గరకొచ్చారు. వాళ్లకి చెప్పిందే చెబుతున్నా. మిరప పోయిన కోపంతో పసుపు వెయ్యొద్దు. తొమ్మిది నెలలు భూమి కట్టేస్తుంది, విత్తనానికే బోలెడు లేస్తుంది, నాగార్జునసాగర్ కాలవ ఎప్పుడు కట్టేస్తారో చూసుకుని బోరు లెక్క వేసుకోవాలి. అయిదెకరాలుంటే అర ఎకరంతో మొదలుపెట్టండి. ఇద్దరు విన్నారు, ఒకడు వినలేదు. వినని వాడికే 2024లో ధర కలిసొచ్చింది, నిజామాబాదులో మళ్లీ 15 వేలు దాటింది. ఎదురుపడ్డప్పుడల్లా "ఏం పెద్దమ్మా" అని నవ్వుతాడు. 2025 సంక్రాంతి నాడు నిజామాబాదులో జాతీయ పసుపు బోర్డు మొదలైంది. దాని మేలు దుగ్గిరాలకి ఎంత వస్తుందో, మా ఊరికి ఎంత వస్తుందో చూడాలి.

9. పసుపు కుంకుమ కింద ఇచ్చేది కాగితం మీద రాయించుకోండి

ఆడపిల్లకి పుట్టింటివాళ్లిచ్చే పొలాన్ని పసుపు కుంకుమ కింద ఇచ్చారంటాం. నాకు అర ఎకరం ఇస్తానన్నారు నాన్న. నోటి మాట. రాయలేదు, నేను అడగలేదు. 1986లో మన రాష్ట్రం కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా చట్టం తెచ్చింది గానీ, అప్పటికే పెళ్లయిన వాళ్లకి అది వర్తించలేదు. 2005లో కేంద్ర చట్టం వచ్చేసరికి నాన్న పోయి, అన్నదమ్ముల పంపకాలు రిజిస్టరై చాలా ఏళ్లయింది. 2010లో అన్నయ్య విత్తనం కోసం వాకిట్లో నిలబడ్డప్పుడు ఆ అర ఎకరం మా ఇద్దరికీ గుర్తొచ్చింది. ఇద్దరం మాట్లాడలేదు. మూడు బస్తాలకి డబ్బిస్తానన్నాడు. తీసుకోలేదు.

మా ఆయన 2014లో పోయారు. ఆ మరుసటి ఏడే పెద్ద మనవరాలి పెళ్లి. పసుపు దంచే రోజున రోకలికి కొమ్ములు కట్టి, అయిదుగురు ముత్తయిదువుల్ని పిలిచారు. నేను వసారాలో మంచం మీద కూర్చున్నా. ఎవరూ ఏమీ అనలేదు, అనకుండానే అందరికీ తెలుసు. రోట్లో పోసిన కొమ్ములు నేను నాటినవి, నేను తవ్వించినవి, పుల్ల గుచ్చి చూసి దించినవి, పదిహేను పొద్దులు మేడ మీద తిరగవేసినవి. వాటికి మాత్రం ఏ అడ్డూ రాలేదు. నా గోళ్లు అప్పటికింకా పచ్చగానే ఉన్నాయి, వండిన పసుపు నెల దాకా వదలదు.

10. ఎండిపోయిందని పారెయ్యొద్దు

ఆ మనవరాలే ఇప్పుడు డల్లాస్‌లో ఉంటుంది. అక్కడి ఇండియన్ స్టోర్‌లో పచ్చి పసుపు దొరికితే రెండు కళ్లున్న ముక్కలు ఏరి నాటమన్నాను. అడుగున్నర వెడల్పు కుండీ, అడుగున నాలుగు బెజ్జాలు, మట్టిలో సగం కొబ్బరి పొట్టు. ఏప్రిల్‌లో ఇంట్లోనే కిటికీ దగ్గర మొలకెత్తించి, చలి పోయాక బయటికి. జూలైలో ఫోన్ చేసి ఆకులు పాలిపోతున్నాయంది. వీడియోలో చూపించమన్నాను. కుండీ కింద పళ్లెం, పళ్లెం నిండా నీళ్లు. తియ్యమన్నాను. వారంలో తేరుకుంది.

డిసెంబరులో మళ్లీ ఫోన్. "అమ్మమ్మా, చచ్చిపోయింది. ఆకులన్నీ ఎండిపోయి పడిపోయాయి. కుండీ ఖాళీ చేసి అందులో మెంతికూర వేసుకుంటున్నా."

"పారబోశావా?"

"ఇంకా లేదు."

"కింద పేపరు పరిచి బోర్లించు."

ఫోన్ టేబుల్‌కి ఆనించి, కుండీ తిరగేసి తట్టింది. మట్టి గడ్డ రెండుగా విచ్చింది. వేర్ల నడుమ లావుగా, చెయ్యి మడిచి పట్టుకున్నట్టు దుంప. దాన్ని చేతుల్లోకి తీసుకుని అరిచిన అరుపుకి వాళ్లాయన పక్క గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. ఒక్కో కొమ్మూ విరుస్తూ లెక్కపెడుతోంది, "తొమ్మిది, పది, ఇంకా ఉన్నాయి అమ్మమ్మా..."

"అందులో రెండు విత్తనానికి పక్కన పెట్టు. ముందు చేతులు కడుక్కోవే, ఫోన్ అంతా పసుపవుతోంది" అన్నాను.